నాన్నగారి కోసం పాత పెద్ద కారు: మూడింటిలో ఏది?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 52 ఏళ్లు, ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. నాన్నగారికి 78. రెండు మోకీళ్లకూ ఆపరేషన్ అయింది. నెలకు రెండు మూడుసార్లు ఆయన్ని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్‌లో చెల్లెలి ఇంటికి, ఒకసారి తిరుపతికి వెళ్తాం. అన్నీ కలిపినా ఏడాదికి 8 వేల కిలోమీటర్లు దాటదు. ఆయన వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చోగలిగే పెద్ద సెడాన్ కొనాలని ఉంది. చేతిలో 10 లక్షలున్నాయి. మూడు బండ్లు చూశాను. విజయవాడలో ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో 2016 స్కోడా సూపర్బ్ పెట్రోల్ ఆటోమేటిక్ ఉంది, ఏపీ 16 నంబరు, 8.75 లక్షలు చెబుతున్నారు. హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారి 2015 టయోటా క్యామ్రీ హైబ్రిడ్, తెలంగాణ నంబరు, 9 లక్షలు. మా ఊళ్లోనే తెలిసినవారి 2012 హోండా అకార్డ్ 2.4 ఆటోమేటిక్, ఏపీ 07 నంబరు, 5.5 లక్షలు. ఆదివారంలోగా 50 వేలు అడ్వాన్సు ఇవ్వకపోతే సూపర్బ్ చెయ్యి దాటిపోతుందని బ్రోకరు అంటున్నాడు. మా అబ్బాయేమో ఇవేవీ వద్దు, కొత్త చిన్న ఎస్‌యూవీ తీసుకుందామంటాడు. ఏం చేయమంటారు?

సమాధానం: అడ్వాన్సు ఇవ్వకండి. పదేళ్లు తిరిగిన పెద్ద పెట్రోల్ సెడాన్ కోసం గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎవరూ వరసలో నిలబడి లేరు. ఆదివారం గడువు ఆ బ్రోకరు అవసరం కోసం పెట్టింది. మీ మూడింట్లో నా మొగ్గు అకార్డ్ వైపు. ఎందుకో వివరంగా చెబుతాను గానీ, దానికన్నా ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది.

మీ ఉత్తరంలో ధరలున్నాయి, నంబర్లున్నాయి. నాన్నగారు ఈ కార్లలో ఒక్కదాంట్లోనైనా ఎక్కి కూర్చున్నట్టు మాత్రం లేదు. మోకీళ్ల ఆపరేషన్ అయినవాళ్లకు ఎస్‌యూవీ ఎక్కడం కష్టమని మీరు అనుకుంటూ ఉంటే అది కొంతవరకు నిజమే. అయితే సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. కూర్చున్నాక తుంటి కన్నా మోకాళ్లు ఎత్తులో ఉంటే, మళ్లీ లేచి నిలబడటానికి ఒళ్లంతా బలం పెట్టాలి. కాళ్లు చాపుకోవడం ప్రయాణంలో సుఖం. దిగడం ఎలా అన్నది ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎదురయ్యే సంగతి. కాబట్టి ధర మాట్లాడకముందే ఆయన్ని తీసుకెళ్లండి. వెనక తలుపు పూర్తిగా తెరిచి, ముందు వీపు సీటు వైపు పెట్టి అంచున కూర్చోమనండి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోమనండి. దిగేటప్పుడు అదే వరస వెనక నుంచి. రెండుసార్లు ఎక్కి దిగితే మీకే అర్థమవుతుంది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి అక్కడా కూర్చోబెట్టి చూడండి. చాలామంది పెద్దవాళ్లకు అదే హాయిగా ఉంటుంది. సీటు మీద గట్టి దిండు వేస్తే సరిపోయేంత తేడా అయితే బెంగ లేదు. అలా కాకుండా మీ అబ్బాయి చెప్పిన చిన్న ఎస్‌యూవీలో ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగుతుంటే, అబ్బాయి మాటే సరైంది. అప్పుడు నేను రాసినదంతా పక్కన పెట్టేయండి.

సెడానే నప్పింది అనుకుందాం.

సూపర్బ్ మంచి కారు కాదని నేను అనను. వెనక సీట్లో చోటు మూడింటిలోనూ దానికే ఎక్కువ. చిక్కు గేర్‌బాక్సుతో వస్తుంది. 2016 పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్నది 1.8 టీఎస్ఐ ఇంజను, డీఎస్‌జీ అనే ఏడు గేర్ల, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దీంట్లోని రెండు క్లచ్‌లూ పొడిగా పనిచేస్తాయి, వాటిని చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. ఆ గేర్‌బాక్సు మోయగలిగే బలానికి హద్దుంది కాబట్టే, అదే ఇంజను మాన్యువల్ కారులో 320 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తే ఆటోమేటిక్‌లో 250కి తగ్గించి ఇచ్చారు. ఖాళీ హైవే మీద ఇది వెన్నలా నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, మే నెల ఎండలో, అడుగు జరిగి ఆగి మళ్లీ అడుగు జరుగుతుంటే ఆ క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది. అదే సూపర్బ్ డీజిల్‌లో ఆరు గేర్ల డీఎస్‌జీ ఉండేది. దాని క్లచ్‌లు ఆయిల్‌లో ఉంటాయి, 60 వేల కిలోమీటర్లకోసారి ఆ ఆయిల్ మారుస్తూ వచ్చిన బండి అయితే నేను ఇంత భయపెట్టేవాణ్ణి కాదు.

ఇంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటుంది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా నంబరు, బండి ఇప్పుడున్నదీ విజయవాడలోనే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగిపోయిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. వేల బండ్లు నీళ్లలో ఉన్నాయి. కొన్ని సెల్లార్లలో రోజుల తరబడి ఉండిపోయాయి. అలాంటి బండికి బీమా సంస్థ పూర్తి నష్టం కింద డబ్బు కట్టి, దాన్ని వేలంలో అమ్మేయడం మామూలే. వేలంలో కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, కొత్త సీట్ కవర్లు వేసి మళ్లీ సంతలో పెడతారు. ఈ సూపర్బ్ అలాంటిదేనని నేను అనడం లేదు. ఏ విజయవాడ బండి కొన్నా ఈ పరీక్ష చేయకుండా కొనొద్దంటున్నాను. పెద్ద సెడాన్లకు ఇది మరీ ముఖ్యం. వీటి వైర్లు, కంప్యూటర్ యూనిట్లు చాలావరకు సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. మునిగిన బండి ఆరు నెలలు బాగానే తిరిగి, తర్వాత ఒక్కో యూనిట్ చొప్పున పోతూ ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. అన్ని సీట్ బెల్టులనూ చివరిదాకా లాగండి. రోజూ బయటకు రాని ఆ చివరి జానెడు భాగంలో బురద చార ఉంటే ఇక మాట్లాడే పని లేదు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంతలో ఇసుక, మట్టి, తుప్పు ఉన్నాయేమో చూడండి. సీటు పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు కింద రంగు వేయని ఇనప పట్టీలు టార్చి వేసి చూడండి. కార్పెట్ అంచు లేపి కింది స్పాంజిని నొక్కండి. అక్కడ కనిపించే వైర్ల జాయింట్లలో పచ్చటి చిలుము ఉందేమో చూడండి. అద్దాలు మూసి, ఏసీ ఆపి, ఎండలో పావుగంట ఉంచి తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన వస్తుందా? అత్తరు వాసన ఘాటుగా కొడితే అది ఇంకా అనుమానించాల్సిన విషయం. తర్వాత ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూమ్ సర్వీసు చరిత్ర తీయించండి. 2024 ఆగస్టుకు ముందు క్రమం తప్పకుండా షోరూమ్‌కి వచ్చిన బండి ఆ తర్వాత ఒక్కసారి కూడా రాలేదంటే ఎందుకో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది. బీమా క్లెయిముల వివరం కూడా అడగండి. ఇవన్నీ చూపించడానికి కన్సల్టెన్సీ వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోకపోవడంలోనే మీకు జవాబు ఉంది.

క్యామ్రీ సంగతి వేరు. బండిగా చూస్తే మూడింటిలో నాకు ఎక్కువ నమ్మకం దాని మీదే. 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజనుకు తోడు బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు ఉంటుంది, హైబ్రిడ్ అంటే అదే. విడిగా స్టార్టరు, ఆల్టర్నేటరు ఉండవు. గేర్‌బాక్సులో అరిగే క్లచ్‌లు లేవు, బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. వెనక సీటు వీపు స్విచ్చితో వాలుతుంది, నాన్నగారికి అది నిజంగా సుఖం. చూడాల్సింది హైబ్రిడ్ బ్యాటరీ. అది వెనక సీటు వీపు వెనక ఉంటుంది, అందుకే డిక్కీ చిన్నది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను కారు లోపలి గాలినే పీలుస్తుంది. దాని జాలీ దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. నెలల తరబడి కదపకుండా ఉంచినా దానికి చేటే. టయోటా సర్వీసు కేంద్రంలో బ్యాటరీ పరీక్ష చేయించి, కాగితం చూశాకే కొనాలి.

అయినా మీకు క్యామ్రీ వద్దంటున్నాను, కారణం తెలంగాణ నంబరు. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి. ఏడాదికి మించి ఆంధ్రాలో ఉంచుకునే బండికి ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. అలా మార్చేటప్పుడు మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. మీరు 9 లక్షలకు కొన్నారు కాబట్టి పన్ను 9 లక్షల మీదే అనుకోకండి. కారు కొత్తప్పటి ధర, దాని వయసు చూసి లెక్క వేస్తారు. క్యామ్రీ హైబ్రిడ్ కొత్తప్పుడు 30 లక్షల పైమాట, కాబట్టి పన్ను కూడా లక్షల్లోనే వస్తుంది. డబ్బు చేతులు మారకముందే గుంటూరు ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ నకలు చూపించి ఎంతవుతుందో అడిగితే అసలు అంకె తెలుస్తుంది. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగొచ్చని బ్రోకర్లు ఊరిస్తారు. ఆ సొమ్మును నమ్ముకుని బడ్జెట్ వేయకండి. చవగ్గా వచ్చే ఢిల్లీ నంబరు కార్లకూ ఇదే లెక్క. అక్కడ డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అని పెట్టిన నిబంధన వల్ల ధర పడిపోయి దక్షిణాదికి వచ్చాయి. చవక ఎంతో ఇక్కడి పన్ను కట్టాక గానీ తెలియదు.

ఇక పెట్రోలు. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు, లీటరు 110 రూపాయల దరిన వేసుకుందాం. అకార్డ్ ఊళ్లో, హైవేలో కలిపి లీటరుకు 9 ఇస్తే దాదాపు 890 లీటర్లు, 98 వేల రూపాయలు. క్యామ్రీ 15 ఇస్తే దాదాపు 533 లీటర్లు, 59 వేలు. ఏడాదికి మిగిలేది దాదాపు 39 వేలు. రెండు బండ్ల ధరల్లో తేడా మూడున్నర లక్షలు. లైఫ్ టాక్స్ కలపకుండానే ఆ తేడా తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. మీరు ఏడాదికి 25 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే ఈ లెక్క తారుమారయ్యేది. మీ వాడకానికి ఎక్కువ తాగే బండే తక్కువ ఖర్చు.

అందుకే అకార్డ్. ఊరి నంబరు, మళ్లీ లైఫ్ టాక్స్ లేదు, నడిపినవాళ్లు తెలిసినవాళ్లు. 2.4 ఇంజనుకు గడువుకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది. గేర్‌బాక్సు ఐదు గేర్ల పాతకాలపు టార్క్ కన్వర్టరు రకం, ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా అందిస్తుంది, అందుకే ట్రాఫిక్‌లో ఓపిక ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, 5.5 లక్షలు పోగా మీ దగ్గర 4.5 లక్షలు మిగులుతాయి. కొత్తప్పుడు పాతిక, ముప్పై లక్షలు పలికిన కార్లను పది లక్షల్లోపు కొనగలుగుతున్నాం గానీ, వాటి విడిభాగాల ధరలు పాతిక లక్షల కారు ధరలే. 10 లక్షలున్న మనిషి 9 లక్షల పెద్ద కారు కొంటే, మొదటి పెద్ద బిల్లుకే బండి షెడ్డులో కూర్చుంటుంది. అలా దుమ్ము పట్టిన సెడాన్లు మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఎన్నో కనిపిస్తాయి.

అయితే తెలిసినవారి బండి కదా అని మొహమాటపడి పరీక్ష మానేయకండి. ముందు రోజు రాత్రి నుంచి ఇంజను స్టార్ట్ చేయవద్దని వాళ్లకు చెప్పి, పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకున్నాక స్టార్ట్ చేయించండి. మొదటి ఒకటి రెండు క్షణాలు గర్రుమని ఇనుము రాసుకున్న చప్పుడు వస్తే, వాల్వ్ టైమింగ్ మార్చే వీటీసీ యాక్చుయేటర్ అరిగిందని అర్థం. ఈ ఇంజన్లలో ఇది తెలిసిన జబ్బే, బేరంలో తగ్గించుకోవచ్చు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఎంత పోయాల్సి వస్తోందో సూటిగా అడగండి. కొన్ని 2.4 అకార్డ్‌లు ఆయిల్ తాగుతాయి. గేర్‌బాక్సులో హోండా చెప్పిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) మాత్రమే పోశారా, ఎప్పుడు మార్చారు, బిల్లుందా? ఇంజను వేడెక్కాక సెల్లార్ ర్యాంపు మీద వెనక్కి ఎక్కించి చూడండి, గేరు పడటంలో కుదుపు, ఆలస్యం ఉండకూడదు. మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి నాన్నగారి సీటు దగ్గర చల్లదనం చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. గీతలు ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటిన టైర్లతో నాన్నగారిని హైవే మీదికి తీసుకెళ్లకండి.

ఈ కారు విషయంలో ఒక్కటి మాత్రం ఎంత తొందరలో ఉన్నా వదలకూడదు, ఎయిర్‌బ్యాగు. తకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగు ఇన్‌ఫ్లేటర్లలో అమోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, గాలిలో తేమ తగిలితే అది చెడిపోతుంది. ప్రమాదంలో బ్యాగు తెరుచుకునేటప్పుడు లోపలి ఇనప డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. ప్రపంచమంతా కోట్ల కార్లను వెనక్కి పిలిచిన వ్యవహారం ఇది. మన దేశంలో హోండా పిలిచిన వాటిలో 2012 నాటి అకార్డ్‌లూ ఉన్నాయి. మన కోస్తా ఉక్కపోతలో పుష్కరం దాటి తిరిగిన కారు కదా, ఛాసిస్ నంబరు హోండా వెబ్‌సైటులో గానీ షోరూమ్‌లో గానీ ఇచ్చి, పిలుపు వర్తిస్తే మార్పిడి జరిగిందో లేదో కనుక్కోండి. జరగకపోతే ఉచితంగా మారుస్తారు. అది పూర్తయ్యేదాకా నాన్నగారిని అందులో ఎక్కించవద్దు.

అకార్డ్‌కు ఉన్న అసలు లోటు విడిభాగాలు. 2013లో ఆ మోడల్ మన దేశంలో ఆగిపోయింది. ఇంజను వస్తువులకు అంత ఇబ్బంది లేదు, అప్పటి సీఆర్-వీలోనూ 2.4 ఇంజనే ఉండేది. హెడ్‌లైటు, బంపరు, తలుపు లాంటివి పగిలితే తెప్పించడానికి రోజులు పడుతుంది. బండి 4.9 మీటర్ల పైచిలుకు పొడవు. బ్రాడీపేట లైన్లలో రోడ్డు మీద నిలిపితే గీతలు తప్పవు, మీ గేటు లోపలి చోటు టేపు పెట్టి కొలుచుకోండి. పనికి విజయవాడ ఆటోనగర్ ఉంది కాబట్టి మెకానిక్కులకు కొదవ లేదు. హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్సు మీద చెయ్యి తిరిగినవాణ్ణి వెతుక్కుని, కొనకముందే ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్లండి. ఆయనకిచ్చే రుసుము మీకు భారం కాదు. కొన్న మొదటి నెలలోనే ఆయిళ్లు, కూలెంటు, బయటి డ్రైవ్ బెల్టు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, కావాలంటే టైర్లు, అన్నిటికీ కలిపి లక్షన్నర పక్కన పెట్టుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు ఇంత పాత బండిని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, అందుకని ఏటా పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు చూపించండి.

కాగితాలు త్వరగా తేలిపోతాయి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి పేరు, ఫైనాన్స్, బీమా చూడండి. పాత ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30. చలాన్లన్నీ వాళ్లచేతే కట్టించండి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. వాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమాలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. మీ పాత బండి మీద బోనస్ ఉంటే మాత్రం అది వాడుకోవచ్చు. 2027తో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు తనిఖీ చేయించి ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, గ్రీన్ టాక్స్ అదనం. ఈ సంగతి చెప్పి ధర 5 లక్షలకు దించమని అడగడం న్యాయమే.

అకార్డ్ ఈ పరీక్షల్లో నిలవకపోతే సూపర్బ్ వైపు తిరిగి చూడకండి. ఆంధ్రా నంబరుతో, సర్వీసు చరిత్రతో ఉన్న క్యామ్రీ 7 లక్షల చుట్టూ దొరికేదాకా ఆగండి. ఈలోగా నెలకు రెండు మూడు ఆసుపత్రి ప్రయాణాలకు, నాన్నగారు సులువుగా ఎక్కగలిగే కిరాయి కారు ఒకటి చూసుకుని, ఒకే డ్రైవరుతో మాట్లాడుకోండి.